పదిహేడు పోయిందంటే చాలు

ఒరేయ్ అబ్బాయ్, ఆ హెడ్‌ఫోన్లు కాస్త తీసి విను. నీ టెస్టు పేరు ఇందాక పైకి చదివాను. "టెస్ట్ అండర్‌స్కోర్ ఎక్స్‌పైర్డ్ అండర్‌స్కోర్ కార్డ్ అండర్‌స్కోర్ షుడ్..." సగంలోనే ఆయాసం వచ్చింది. అది పేరా, శుభలేఖా? బంధుమిత్రుల అభినందనలతో అని తగిలించలేదు, నయం!

మా రోజుల్లో టెస్టుకు పేరేమిటి, నంబరుండేది. 1987లో ల్యారీ వాల్ పెర్ల్ మొదటి వెర్షన్ వదిలినప్పుడే దాంతోపాటు టెస్టులూ వచ్చాయి. 'ఓకే 16', 'నాట్ ఓకే 17', అంతే. ఒక్కో టెస్టు ఏరుకోవడాలు లేవు. 'మేక్ టెస్ట్' కొట్టి టీకి పోయేవాళ్ళం. జావా వచ్చాక అమీర్‌పేటలో గోడ కనిపిస్తే చాలు, ఆ కోర్సు పోస్టరే. టీ కూడా చిక్కగా ఉండేది... ఏదో చెబుతున్నాను కదా?

ఆఁ, జావా టెస్టులు నడిపే జేయూనిట్ సంగతి. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా విమానంలో కూర్చుని మొదలుపెట్టారట. హాయిగా కునుకు తీయక ఇదేం పనో! అయినా అందులో ఓ పద్ధతుండేది. మెథడ్ పేరు 'టెస్ట్' అని మొదలవ్వాల్సిందే. ఎవడైనా తొందరలో 'టెట్స్' అని కొడితే ఆ ఒక్కటీ నడిచేది కాదు, రిపోర్టు మాత్రం పచ్చగా కళకళలాడేది. సరే, అదేమంత గొప్ప కాదులే. 2006లో నాలుగో వెర్షన్ ఆ నియమం ఎత్తేసింది. ఐదో వెర్షన్ వచ్చేసరికి పేర్లలో ఎమోజీలు కూడా పెట్టుకోవచ్చన్నారు. ఇంకేం కావాలి!

ఇక మీ ఏరుకోవడం చూడు. పైథాన్ టెస్టులు నడిపే పైటెస్టులో 'మైనస్ కె లాగ్' కొట్టావు, లాగిన్ టెస్టులొస్తాయని. కేటలాగ్ వచ్చింది, డైలాగ్ వచ్చింది. పేరులో ఆ ముక్క ఎక్కడున్నా పట్టుకొస్తుందది. ఇక 'లాగిన్ అండ్ నాట్ స్లో' అని మంత్రం మొదలెట్టావు. పారామీటర్లుంటే పేరు చివర చదరపు బ్రాకెట్లు. కోట్స్ పెట్టకపోతే జెడ్‌షెల్ 'నో మ్యాచెస్ ఫౌండ్' అని మొండికేస్తుంది. ఒక్క టెస్టు నడపడానికి ఇంత వ్యాకరణమా!

నవ్వుతున్నావు, తెలుస్తోందిలే. పదిహేడంటే ఏమిటో మాకెలా తెలిసేదనేగా? రాసినవాణ్ణి అడిగేవాళ్ళం. వాడు అమెరికా వెళ్ళిపోయుంటే ఫైలు తెరిచి వేలు పెట్టి లెక్కపెట్టుకునేవాళ్ళం. మధ్యలో ఎవడైనా కొత్త టెస్టు దూరిస్తే పదిహేడు కాస్తా పద్దెనిమిదయ్యేది. అర్ధరాత్రి బిల్డు పడిపోతే నీ శుభలేఖ చూడగానే ఏం పోయిందో తెలుస్తుంది. ఒప్పుకుంటాను, నలుగురిలో మాత్రం అనను.

పేరు నీ ఇష్టమొచ్చినంత పొడుగు పెట్టుకో నాయనా. పొద్దంతా ఒక్కటే ఏరుకుని నడుపుకో. మెర్జ్ చేసేముందు మాత్రం మొత్తం సూట్ ఒక్కసారి నడుపు. పక్క మాడ్యూల్లో ఏం విరిగిందో నువ్వు ఏరుకున్న టెస్టు చెప్పదు.