కార్డు మీద మూడు తేదీలు

మహారాజశ్రీ అమెరికా పౌరసత్వ, వలస సేవల సంస్థ డైరెక్టర్ వారి సముఖమునకు–

విషయం: తల్లిదండ్రులతో వలస వచ్చిన పిల్లల పౌరసత్వం, గ్రీన్‌కార్డు రెన్యువల్: ఏది ముందు, ఏది వెనక అన్న లెక్క.

సూచిక: వలస, జాతీయతా చట్టం సెక్షన్లు 320, 322, ఫారాలు ఎన్-400, ఎన్-600, ఐ-90.

గ్రీన్‌కార్డు మీద మూడు తేదీలు ఉంటాయి: పుట్టిన తేదీ, శాశ్వత నివాసి అయిన తేదీ, కార్డు గడువు తీరే తేదీ. వలస కుటుంబంలోని బిడ్డ పౌరసత్వం ఈ మూడింటి మధ్యే నడుస్తుంది. సాధారణంగా పదేళ్లుండే కార్డు గడువు దాటితే కార్డు పాతబడుతుంది గానీ శాశ్వత నివాస హోదా పోదు. తల్లో తండ్రో శాశ్వత నివాసి అయి ఐదేళ్లు నిండిన తేదీ దాటినా ముంచుకుపోయేదేమీ లేదు, ఆ తర్వాత ఎప్పుడైనా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. బిడ్డ పద్దెనిమిదో పుట్టినరోజు దాటితే మాత్రం తల్లిదండ్రుల ద్వారా పౌరసత్వం వచ్చే దారి మూసుకుపోతుంది. అయినా ‘ముగుస్తుంది’ అన్న మాటను సంస్థ అచ్చువేసేది అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న తేదీ పక్కనే. కుటుంబాలు కూడా ఆ తేదీకే కంగారుపడతాయి.

2001కి ముందు సాధారణంగా తల్లిదండ్రులిద్దరూ పౌరులైతేనే బిడ్డకు ఆ హక్కు సంక్రమించేది. 2000 నాటి బాలల పౌరసత్వ చట్టం 2001 ఫిబ్రవరి 27న అమల్లోకి వచ్చి ఆ ముడి విప్పింది. ఇప్పటి షరతులు నాలుగు. తల్లిదండ్రుల్లో ఒక్కరైనా పౌరులై ఉండాలి. బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండకూడదు. బిడ్డ శాశ్వత నివాసి అయి ఉండాలి. పౌరులైన ఆ తల్లి లేదా తండ్రి చట్టబద్ధమైన సంరక్షణలో, వారి దగ్గరే అమెరికాలో నివసిస్తూ ఉండాలి. వీటిలో ఏది ముందు జరిగిందన్న పట్టింపు లేదు. నాలుగూ కలిసిన క్షణాన బిడ్డ తనంత తానే పౌరసత్వం పొందుతుంది. దానికి దరఖాస్తు, ఫీజు, పరీక్ష, ప్రమాణం ఏవీ అక్కర్లేదు. సవతి బిడ్డకు మాత్రం చట్టప్రకారం దత్తత జరిగితే తప్ప ఇది వర్తించదు. తల్లిదండ్రులు విడిపోయి ఉంటే కస్టడీ ఎవరిదో చూస్తారు.

కాబట్టి లెక్కంతా తల్లి లేదా తండ్రి పెట్టే పౌరసత్వ దరఖాస్తు, ఎన్-400 చుట్టూ తిరుగుతుంది. శాశ్వత నివాసి అయి ఐదేళ్లు నిండడానికి 90 రోజుల ముందు నుంచి దాన్ని ఫైల్ చేయవచ్చు. అమెరికా పౌరుల జీవిత భాగస్వాములకైతే ఐదేళ్ల బదులు మూడేళ్లు చాలు. ఐదేళ్లలో కనీసం 30 నెలలు అమెరికా గడ్డమీద ఉండాలి. ఒకే ప్రయాణంలో ఆరు నెలలు దాటి బయట ఉంటే నివాసం తెగిందేమో అన్న ప్రశ్న వస్తుంది. ఏడాది దాటితే తెగినట్టే లెక్క. ఇండియాలో పెద్దవాళ్లకు బాగాలేదని వెళ్లి నెలల తరబడి ఉండిపోయిన తల్లి లెక్క ఇక్కడే దెబ్బతింటుంది. అర్హత ఉంటే భార్యాభర్తలిద్దరూ ఫైల్ చేయడం మంచిది, ఒకరి ఫైలు ఆగినా మరొకరి ఓత్ (పౌరసత్వ ప్రమాణం) బిడ్డకు చాలు.

ఒక ఉదాహరణ. విజయవాడలో 2008 సెప్టెంబర్ 20న పుట్టిన అమ్మాయికి, ఆమె తల్లికి 2021 జూన్ 15న శాశ్వత నివాసం వచ్చిందనుకుంటే, తల్లి ఎన్-400 ఫైల్ చేయగల మొదటి రోజు 2026 మార్చి 17. ముందుగా ఫైల్ చేసినా, ఐదేళ్లు నిండే జూన్ 15 లోపు ప్రమాణం కుదరదు. అమ్మాయికి పద్దెనిమిది నిండేది సెప్టెంబర్ 20న. ఇంటర్వ్యూకి ఎప్పుడు పిలిచినా, తల్లి ఓత్ తీసుకోవడానికి మిగిలింది మూడు నెలల పైన ఐదు రోజులు. అదే అమ్మాయి 2008 మార్చి 1న పుట్టి ఉంటే, తల్లి ఫారం నింపకముందే దారి మూసుకుపోయేది. దీన్నిబట్టి ఒక సూత్రం తేలుతుంది: తల్లిదండ్రులు గ్రీన్‌కార్డు పొందేనాటికి పదమూడు నిండిన బిడ్డకు ఐదేళ్ల లెక్కలో ఈ దారి లేదు, పన్నెండు దాటిన బిడ్డకు ప్రతి వారమూ విలువైనదే.

తెలుగు కుటుంబాలు ఎక్కువగా చిక్కుకునేది ఈ పన్నెండు, పదమూడు మధ్యనే. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఏటా ఏడు శాతం పరిమితి ఉండడంతో, ఇండియాలో పుట్టినవారికి ఈబీ-2, ఈబీ-3 అనే ఉద్యోగాధారిత వరుసల్లో నిరీక్షణ పదేళ్లు దాటింది. హైదరాబాద్‌లో తల్లి చంకనెక్కి విమానమెక్కిన పిల్లవాడికి కార్డు చేతికందేసరికి మీసకట్టు వస్తోంది. డాలస్‌లో పుట్టిన అతని చెల్లెలు పుట్టుకతోనే పౌరురాలు. గ్రీన్‌కార్డు దశలో వయసు మీద కొంత కనికరం ఉంది: 2002 ఆగస్టు 6 నుంచి అమల్లో ఉన్న బాలల హోదా రక్షణ చట్టం, పిటిషన్ పెండింగ్‌లో ఉన్న రోజులను బిడ్డ వయసులోంచి తీసేస్తుంది. పౌరసత్వం దశలో అలాంటి తీసివేత లేదు. ఓత్ పుట్టినరోజు తెల్లవారి పడినా ఆలస్యం ఆలస్యమే.

ఓత్ తేదీని జరిపే చిన్న కారణం ఒకటుంది: పేరు. ఇంటిపేరు ముందో వెనకో తెలియక, పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడినవారు ఎన్-400తోపాటే పేరు మార్చుకోవాలనుకుంటారు. పేరుమార్పు కోర్టు జరిపే ప్రమాణ కార్యక్రమంలోనే కుదురుతుంది. కొన్ని కార్యాలయాల్లో ఇంటర్వ్యూ రోజే ఓత్ అయిపోతుంది గానీ, పేరు మార్చుకునేవారు కోర్టు తేదీ కోసం ఆగాలి. బిడ్డకు పద్దెనిమిది దగ్గరపడితే పేరు సంగతి తర్వాత చూసుకోవడమే మేలు.

ఇక కార్డు. గడువుకు ఆరు నెలల ముందు నుంచి ఐ-90 ఫారంతో రెన్యువల్ చేయించవచ్చు. 2024 ఏప్రిల్ 1 నుంచి దాని ఫీజు కాగితం మీదైతే 465 డాలర్లు, ఆన్‌లైన్‌లో 415. పద్నాలుగు నిండిన 30 రోజుల్లోగా బిడ్డ వేలిముద్రలిచ్చి మళ్లీ నమోదు కావాలన్నది వేరే నియమం. కార్డుకు ఇంకా గడువున్నా ఇది తప్పదు, చాలా ఇళ్లలో దీన్ని మరిచిపోతారు. పెద్దల ఎన్-400 రసీదు వారి కార్డును 24 నెలలు పొడిగిస్తుంది. ఆ పొడిగింపు దరఖాస్తుదారుకే, బిడ్డ కార్డుకు కాదు. బిడ్డకు పొడిగింపు కావాలంటే బిడ్డ పేరనే ఐ-90 ఉండాలి, ఆ రసీదు 36 నెలలు పనిచేస్తుంది. తల్లి ఓత్ రెండు మూడు నెలల్లో ఉండి, ఈలోగా ఇండియా ప్రయాణం లేకపోతే, గడువు తీరుతున్న కార్డుకు పెట్టే ఫీజు చాలావరకు వృథా. కార్డు ఎప్పుడూ వెంట ఉంచుకోవాలన్న చట్టం పద్దెనిమిది నిండినవారికే. ప్రయాణం ఉంటే, లేదా ఓత్ తేదీ తేలకపోతే, రెన్యువల్ చేయించాల్సిందే. ఓత్ అయి బిడ్డ పౌరసత్వం పొందాక ఐ-90తో పనిలేదు, పౌరులకు గ్రీన్‌కార్డు ఉండదు.

పౌరసత్వం దానంతటదే వచ్చినా రుజువు మాత్రం దానంతటది రాదు. దారులు రెండు. ఒకటి అమెరికా పాస్‌పోర్టు: పదహారు లోపు పిల్లలకు 135 డాలర్లు, ఐదేళ్లు చెల్లుతుంది. రెండోది ఎన్-600 ద్వారా పౌరసత్వ ధ్రువపత్రం: కాగితం మీద 1,385 డాలర్లు, ఆన్‌లైన్‌లో 1,335, దానికి గడువు లేదు. రోజువారీ అవసరాలకు పాస్‌పోర్టు సరిపోతుంది. పద్దెనిమిదిలోపే పౌరసత్వం వచ్చి ఉంటే ధ్రువపత్రానికి ఆ తర్వాత కూడా దరఖాస్తు చేయవచ్చు. రెంటికీ బిడ్డ జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల పెళ్లి పత్రం, ఓత్ తీసుకున్నవారి సర్టిఫికెట్, బిడ్డ గ్రీన్‌కార్డు సిద్ధం చేసుకోవాలి. పంచాయతీ ఇచ్చిన తెలుగు పత్రానికి ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. సోషల్ సెక్యూరిటీ రికార్డులోనూ పౌరసత్వం నమోదు చేయించాలి.

ఇండియా ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. అమెరికా పౌరసత్వం వచ్చాక బిడ్డ ఇండియన్ పాస్‌పోర్టును సరెండర్ చేసి, వీసా గానీ ఓసీఐ (భారత సంతతి విదేశీ పౌరుల కార్డు) గానీ తీసుకోవాలి. అమెరికా నుంచి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ వాడవలసింది అమెరికా పాస్‌పోర్టునే. మే నెలలో తల్లి ఓత్, జూన్‌లో మేనమామ పెళ్లి ఉన్న ఇంట్లో, పెళ్లి టికెట్లు కొనేముందే ఈ కాగితాలకు పట్టే రోజులు లెక్కవేసుకోవాలి.

బిడ్డ అమ్మమ్మ దగ్గర ఉండి ఇండియాలోనే చదువుకుంటుంటే, పైన చెప్పిన నాలుగు షరతుల సెక్షన్ 320 వర్తించదు, అమెరికాలో నివాసం దాని ప్రాణం. విదేశంలో, పౌరులైన తల్లి లేదా తండ్రి సంరక్షణలో వారి దగ్గరే ఉంటున్న బిడ్డకైతే సెక్షన్ 322 ఉంది. పౌరులైన తల్లి లేదా తండ్రి, లేదా వారిని కన్నవారిలో పౌరులైనవారు ఐదేళ్లు అమెరికాలో గడిపి ఉండాలి, అందులో రెండేళ్లు పద్నాలుగు దాటాక గడిపినవై ఉండాలి. ఇక్కడ దరఖాస్తు తప్పనిసరి, పనంతా బిడ్డకు పద్దెనిమిది నిండకముందే పూర్తి కావాలి.

పద్దెనిమిది దాటినవారు తమ ఎన్-400 తామే వేసుకోవాలి. ఫీజు కాగితం మీద 760 డాలర్లు, ఆన్‌లైన్‌లో 710. కార్డు వచ్చి ఐదేళ్లయితే పుట్టినరోజు మర్నాడే ఫైల్ చేయవచ్చు. తల్లిదండ్రుల మీద ఆధారపడిన కాలేజీ విద్యార్థి, చదివే ఊరి నుంచైనా ఇంటి నుంచైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2025 అక్టోబర్ 20 నుంచి ఫైల్ చేసేవారిని పౌరశాస్త్ర పరీక్షలో 128 ప్రశ్నల్లోంచి 20 వరకు అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. అబ్బాయిలైతే పద్దెనిమిది నిండిన 30 రోజుల్లో సైనిక సేవకు పేర్లు రాసుకునే సెలెక్టివ్ సర్వీస్‌లో నమోదై ఉండాలి, కావాలని ఎగ్గొట్టినవారికి ఇంటర్వ్యూలో ఇబ్బంది తప్పదు.

పైవన్నీ సంస్థకు కొత్త సంగతులు కావు. ఎన్-400లో పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు సంస్థే అడిగి రాయించుకుంటుంది. విదేశంలో దత్తత పూర్తయి ఐఆర్-3 వీసాపై వచ్చే పిల్లలకు అడగకుండానే పౌరసత్వ ధ్రువపత్రం ఇంటికి పంపుతుంది కూడా. కనుక మనవి రెండు. పెద్దల ఎన్-400 రసీదు మీద, వారి పిల్లల్లో ఎవరికి ఏ రోజున పద్దెనిమిది నిండుతుందో ఒక వరుస అచ్చువేయాలి. ఓత్‌తో పౌరసత్వం పొందే బిడ్డకు, ఆ సంగతి చెప్పే ఉత్తరం బిడ్డ పేరనే పంపాలి.

ఇట్లు,
రెన్యువల్ తేదీ గోడమీద రాసుకుని, పుట్టినరోజున కేకు మాత్రమే కోసిన కుటుంబాల తరఫున.