ఏనుగు దొరది, మేత ఊరిది

ఆ బేస్‌బాల్ జట్టు గుర్తు తెల్ల ఏనుగు. ఒట్టు, కల్పించి చెప్పడం లేదు. 1902లో జాన్ మెక్‌గ్రా అనే ప్రత్యర్థి మేనేజర్ ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌ను ‘తెల్ల ఏనుగు’ అని వెక్కిరించాడు. మేపలేక చస్తారని ఎత్తిపొడుపు. జట్టువాళ్లు రోషపడి ఆ బొమ్మనే గుర్తుగా పెట్టుకున్నారు. నూట ఇరవై ఏళ్లు దాటినా ఏనుగు బతికే ఉంది. ఎవరి మేతతో? అదే అసలు కథ.

ఈ ఏనుగు కాలికి బలపం కట్టుకుంది. ఫిలడెల్ఫియాలో ఐదు వరల్డ్ సిరీస్‌లు గెలిచింది. 1955లో కాన్సస్ సిటీకి, 1968లో ఓక్లాండ్‌కు మూటాముల్లె సర్దింది. అక్కడ 1972, 73, 74ల్లో వరసగా మూడు టైటిళ్లు. అప్పటి యజమాని చార్లీ ఫిన్లీ పరమ పిసినారి. అయినా మీసం పెంచిన ఆటగాడికి 300 డాలర్లు ఇచ్చాడు. మీసానికి ఆ మాత్రం విలువుండేది. ఇప్పటి దొరలకు మీసమూ లేదు, రోషమూ లేదు.

తర్వాత హాస్ కుటుంబం వచ్చింది. లీవైస్ జీన్స్ వాళ్లు. 1989లో టైటిల్ తెచ్చారు. 1995లో అమ్మేస్తూ, జట్టు ఊరు దాటకూడదని కోరి, 8.5 కోట్ల డాలర్లకే వదులుకున్నారు. వెర్రిబాగులవాళ్లు కదూ!

2005లో 18 కోట్ల డాలర్లకు కొన్నవారిలో జాన్ ఫిషర్ ఒకడు. గ్యాప్ దుస్తుల దుకాణాల వారసుడు. తర్వాత పగ్గాలన్నీ ఆయన చేతికే వచ్చాయి. గ్యాప్ మొదటి దుకాణంలో అమ్మింది ఆ లీవైస్ ప్యాంట్లే. ప్యాంట్లు తెచ్చుకున్నారు. పద్ధతి తెచ్చుకోవడం మరిచారు.

కొత్త స్టేడియం కడతామన్నారు. ఎక్కడ? మన తెలుగువాళ్లు బోలెడుమంది ఉండే ఫ్రీమాంట్‌లో అన్నారు. కాదు, శాన్ హోజే అన్నారు. కాదుకాదు, ఓక్లాండ్‌లోనే కాలేజీ పక్కన అన్నారు. తూచ్, రేవు పక్కన అన్నారు. పెళ్లిచూపులు ఇన్ని! తాళి ఒక్కటీ లేదు. పైగా ‘రూటెడ్ ఇన్ ఓక్లాండ్’ అని నినాదం. అంటే ఇక్కడే వేళ్లూనుకున్నారట! నిజంగా ఆ ఊళ్లో వేళ్లూనుకున్నది ఒక్కటే, అప్పు. 1995లో ఫుట్‌బాల్ జట్టు రైడర్స్‌ను వెనక్కి రప్పించడానికి ఊరూ కౌంటీ కలిసి అప్పుచేసి స్టేడియాన్ని పెంచాయి. 2020లో రైడర్స్ లాస్ వేగస్‌కు చెక్కేసింది. వాయిదాలు మాత్రం ఊరు వదల్లేదు.

ఇక ఆ పాత స్టేడియం వైభోగం చూడండి. 2013 జూన్‌లో మ్యాచ్ అయ్యాక ఆటగాళ్ల గదుల్లోకి మురుగు ఎగదన్నింది. రెండు జట్లవాళ్లూ పై అంతస్తులోని ఫుట్‌బాల్ గదికి ఎక్కి, కలిసే స్నానాలు చేశారు. 2023లో వ్యాఖ్యాతల గదిలో పాసమ్ అనే పందికొక్కులాంటి జంతువు కాపురం పెట్టింది. దాన్నేమీ అనకండి. ఆ స్టేడియాన్ని సొంతిల్లు అనుకున్నది అదొక్కటే.

పొమ్మనలేక పొగబెట్టడం తెలుసుగా? 2022 సీజన్ మొదలవకముందే మ్యాట్ ఓల్సన్, మ్యాట్ చాప్‌మన్ లాంటి మేటి ఆటగాళ్లను వదిలించుకున్నారు. టికెట్ ధర పెంచారు. ఆ ఏడు మ్యాచ్‌కు సగటున పదివేల మంది కూడా రాలేదు. ఇంకేం, ‘చూశారా, జనానికి ఆసక్తి లేదు!’ ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. 2023లో జట్టు 112 మ్యాచ్‌లు ఓడింది. నష్టమేముంది? ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే. 18 కోట్లకు కొన్న జట్టు ఫోర్బ్స్ లెక్కలో వంద కోట్లు దాటింది.

2023 జూన్ 13. జనానికి ఆసక్తి లేదన్న అదే స్టేడియానికి 27,759 మంది వచ్చారు. ఆకుపచ్చ టీషర్టుల మీద ‘సెల్’ అనే ఒక్క మాట. అమ్మి పో, ఊరిని వదిలెయ్! జట్టు కూడా గెలిచింది. అదే రోజు నెవాడా సెనేట్ ఏం చేసింది? ఈ జట్టును తరలించాలనుకున్న లాస్ వేగస్‌లో కొత్త స్టేడియానికి 38 కోట్ల డాలర్ల ప్రజాధనం ఇచ్చే బిల్లుకు ఊకొట్టింది. కొన్న ధరకు రెట్టింపు పైచిలుకు కానుక! బడికి కావాల్సిన డబ్బు స్టేడియానికా అని టీచర్లు నిలదీశారు. ప్రజల ఓటుకు పెట్టమన్నారు. కోర్టులో అదీ వీగిపోయింది. నవంబరులో అన్ని జట్ల యజమానులూ తరలింపుకు 30-0తో చేతులెత్తారు. కట్టాల్సిన రుసుము కూడా మాఫీ. దొరకు దొర కాకుండా పోతాడా?

అడిగే చట్టం లేదా అంటారా? బేస్‌బాల్ రాష్ట్రాల మధ్య వ్యాపారం కిందికి రాదని 1922లోనే అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి తరలింపుల విషయంలో గుత్తాధిపత్య నిరోధక చట్టం వీళ్లను తాకదు. పెన్సిల్వేనియా, మిస్సోరీ, కాలిఫోర్నియా, రేపు నెవాడా. నాలుగు రాష్ట్రాలు తిరిగే దుకాణం రాష్ట్రాల మధ్య వ్యాపారం కాదట! నవ్వకండి. 1922 నాటి న్యాయస్థానం మాట.

ఇప్పుడు జట్టు పశ్చిమ శాక్రమెంటోలో తలదాచుకుంటోంది. పధ్నాలుగు వేల మంది పట్టే చిన్న లీగ్ మైదానం. పేరుకు ముందు ఊరు లేదు, ఉత్త ‘అథ్లెటిక్స్’. తిట్టుగా వాడే ‘ఊరూ పేరూ లేనివాళ్లు’ అన్న మాటను సగం నిజం చేసి చూపించారు.

2024 సెప్టెంబరు 26న ఓక్లాండ్‌లో ఆఖరి ఆట. 46,889 మంది వచ్చారు. ‘మేం ప్రయత్నించాం’ అని దొరగారు అంతకుముందే ఉత్తరం రాసి పడేశారు. జట్టు 3-2తో గెలిచింది. అయినా ఎవరికీ ఇంటికెళ్లాలని లేదు. మైదానంలోని మట్టిని కప్పుల్లో నింపుకుని గుండెకు హత్తుకున్నారు. దొరగారు ఊరి నోట్లో కొట్టిన మట్టి. యాభై ఏడు సీజన్లకు వాళ్లకు దక్కిన వాటా అది.

వేగస్ సోదరులారా! 2028లో ఏనుగు మీ ఊరికొస్తుందట. మేత ఎలాగూ సిద్ధం చేశారు. పనిలో పనిగా కప్పులు కూడా కొనిపెట్టుకోండి.