‘చోటు కావలెను’: సటీకా తాత్పర్యం

మూలం: చల్లనిదియు, కరెంటు చౌకదియు, తీగకు చేరువదియు నగు చోటు కావలెను.

ప్రతిపదార్థం: చల్లనిదియు = నడి వేసవిలోనూ ఏసీ అక్కర్లేనిదిన్నీ; కరెంటు చౌకదియు = నెల బిల్లు చూసి యజమాని మంచమెక్కనిదిన్నీ; తీగకు చేరువదియు = సముద్రం అడుగున పడుకున్న ఫైబర్ కేబుల్ ఒడ్డెక్కే తావుకు దగ్గరైనదిన్నీ; అగు = అయినట్టి; చోటు = బీడైనా, మూతపడ్డ మిల్లైనా సరే; కావలెను = నిన్ననే కావలసింది. ఎవరికి అని అడిగితే, ‘సర్వర్లు అద్దెకిచ్చే కంపెనీకి’ అని అధ్యాహారం.

తాత్పర్యం: అలా సర్వర్లు అద్దెకిచ్చే జర్మనీ కంపెనీ హెట్జ్నర్‌కు స్వదేశంలో నూరెంబెర్గ్‌లోనూ ఫాల్కెన్‌స్టైన్‌లోనూ డేటా సెంటర్లున్నాయి. కొత్తదానికి అది ఫిన్లాండ్ వెళ్లి, హెల్సింకి పక్కన టూసులాలో 2018 నాటికి కొలువు తీరింది. చలిదేశం గనక వెళ్లిందని చాలామంది తేల్చేస్తారు. వాక్యంలో ముందొచ్చిన పదమే ప్రధానమనుకునే వాళ్ల వ్యాఖ్యానమది. ఫిన్లాండ్‌లో చలి నిన్నా మొన్నా పుట్టింది కాదు. కొత్తగా పుట్టిందల్లా 2016లో సీ-లయన్1: హెల్సింకి నుంచి జర్మనీలోని రోస్టాక్ దాకా బాల్టిక్ అడుగున 1,173 కిలోమీటర్ల కేబుల్. దాని తొలి ఖాతాదారుల్లో హెట్జ్నర్ ఒకటి. అంతకుముందు ఫిన్లాండ్ సమాచారం మధ్య యూరప్‌కు ప్రధానంగా స్వీడన్ మీదుగా చుట్టు తిరిగి చేరేది. గాజుపోగులో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ఈ సముద్రం దాటడానికి 6 మిల్లీసెకన్లు, వెళ్లి రావడానికి 12. తన వెబ్‌సైటు సముద్రం అవతల కాపురముందని బెర్లిన్ దుకాణదారుకు తెలియను కూడా తెలియదు. కనుక తీగ విశేష్యం, చలి విశేషణం అని మా సిద్ధాంతం.

ఆక్షేపం: అయితే ‘చల్లనిదియు’ పాదపూరణకా? కాదు. బయటిగాలి లోపలికి తోలుకుంటే సర్వర్లు చల్లబడతాయి, చల్లబరిచే యంత్రాల ఖర్చు తగ్గుతుంది. అంటే మొదటి పదం రెండోదానిలో లీనమైపోయింది. ఆ రెండోదానికి సర్కారు చేయి కూడా తోడైంది: పెద్ద డేటా సెంటర్లకు ఫిన్లాండ్ 2014లో కరెంటు పన్ను తగ్గించింది. చలే సర్వస్వమైతే ఉత్తరాన లాప్లాండ్‌కు పోవాలి గానీ, దేశం దక్షిణపు కొసన రాజధాని పక్కన ఆగడమెందుకు?

మరి 2013లో ఫేస్‌బుక్ స్వీడన్‌లో ఆర్కిటిక్ వలయం దగ్గరి లూలియోకు పోలేదా అంటారు. పోయింది, అక్కడ లూలే నది జలవిద్యుత్తుంది. పైగా తన సరుకు తానే దాచుకునేవాడి లెక్క వేరు, మిల్లీసెకన్లు లెక్కపెట్టే అద్దెదారులున్నవాడి లెక్క వేరు. ఇంకా సందేహముంటే విశాఖ వైపు చూడండి. అక్కడి ఉక్కపోత గురించి తెలుగువారికి టీక అక్కర్లేదు. అయినా 2025 అక్టోబరులో గూగుల్ అక్కడ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానంది, సముద్రపు కేబుళ్లను ఒడ్డెక్కిస్తానని కూడా అంది. మూలంలోంచి ‘చల్లనిదియు’ కొట్టేసినా వాక్యం నిలబడిందన్నమాట.

చివరి ఆక్షేపం గట్టిదే: తీగ తెగితే? తెగింది. 2024 నవంబరు 18న సీ-లయన్1 తెగి, 28న గానీ అతుక్కోలేదు. ఆ పది రోజులూ సమాచారం వేరే దారులు పట్టింది. కాబట్టి మూలంలో ‘తీగకు’ అన్న ఏకవచనం లేఖకదోషం. పాఠకులు తమ ప్రతుల్లో ‘తీగలకు’ అని దిద్దుకోగలరు.