గుంటూరులో ఆపిలాకు తెగులు

ఇకమీదట మన ఇంజనీరింగు కళాశాలలలో విద్యార్థులు లేరట, ఉన్నవారందఱును పరిశోధకులేనట. రెండవ సంవత్సరమున అడుగుపెట్టినది మొదలు ప్రతి బాలునికిని ఒక మెంటరు, ప్రతి మెంటరుకును కొన్ని జట్లు, ప్రతి జట్టునకును అంతర్జాతీయ పత్రికలో అచ్చుపడు పత్రమొకటి చొప్పున ఏర్పాటైనదని, కౌన్సెలింగు వేళకు కూడలి కూడలిని వెలసిన ఫ్లెక్సీలను చూచి మీరీపాటికి పులకించియే యుందురు గనుక, నేను మరల వర్ణించి మీ ఆనందమునకు అంతరాయము కలిగింపను.

1906వ సంవత్సరమున, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుకొనుచున్న 18 ఏండ్ల చంద్రశేఖర వెంకట రామన్, కాంతి వివర్తనమును గూర్చిన తన తొలి వ్యాసమును లండనునందలి ఫిలసాఫికల్ మాగజైనులో ప్రకటించుకొనెను. ఆ వ్యాసము మీద ఉన్నది ఒక్కటే పేరు. ప్రిన్సిపాలుగారి నామధేయము ముందుగను, కరస్పాండెంటుగారి కుమారునిది తరువాతను, శాఖాధిపతిది ఆ పిమ్మటను, పనిచేసినవానిది పెండ్లిపత్రికలోని బాలబాలికల పేర్లవలె అడుగునను వేయవలెనను మర్యాద, పాపము, ఆ పిల్లవానికి నేర్పినవారు లేకపోయిరి.

అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు 1969లో మార్గరెట్ మాక్‌వికర్ అను ఆచార్యురాలు ఇటువంటి పనికే పునాది వేసెను. అక్కడ కుతూహలమున్నవాడు ఆచార్యుని ప్రయోగశాల తలుపు తట్టును. పనిలో కుదిరినచో క్రెడిట్లో వేతనమో పుచ్చుకొనును. మనవారు ఆ పద్ధతిని భక్తిశ్రద్ధలతో దిగుమతి చేసికొని, స్వల్పమగు మార్పు నొక్కదానిని మాత్రము గావించిరి: ఇక్కడ డబ్బిచ్చువాడు విద్యార్థి. దానికి ముద్రణ రుసుమని పేరు.

ఒక కళాశాలవారు తమ బాలపరిశోధకుల ప్రదర్శనకు నన్ను పిలిచిరి. అడ్డము వచ్చినప్పుడు కూయు అంధుల చేతికఱ్ఱను, నిండినప్పుడు కూయు చెత్తబుట్టను, ఇవి ఏటేట పుట్టుచునే యుండునని యెఱిగి, క్షమించితిని. ఆకు తెగులును మాత్రము క్షమింపజాలను.

ఆకు ఛాయాచిత్రమును చూపినంతనే తెగులు పేరు చెప్పు కృత్రిమ మేధ యది. నూటికి 99 పాళ్లు ఖచ్చితమట. ఒక బల్ల మీద కాదు, వరుసగా అనేకములగు బల్లల మీద, వేర్వేరు మెంటరుల పేర్లతో, అదియే. వీటన్నిటికిని మూలము ప్లాంట్‌విలేజ్ అను బొమ్మల భాండారము: 54,306 చిత్రములు, 14 పంటలు. ఆకును త్రుంచి, ఒంటిగా ఒక సాదా పలక మీద పఱచి తీసిన చిత్రములవి. ఎవరైనను ఉచితముగ దింపుకొనవచ్చును, మనవారు దింపుకొనిరి, అంతటితో క్షేత్రపరిశోధన సమాప్తమైనది.

అందు ఏ పంటలున్నవో మెంటరు మహాశయులలో ఎవరైనను చదివిరో లేదో. ఆపిలు కలదు. చెర్రీ, పీచ్, బ్లూబెర్రీ, రాస్ప్‌బెర్రీ, స్ట్రాబెర్రీ కలవు. టమాటా, మొక్కజొన్న వంటివి కొన్ని మన అదృష్టవశమున దొరలినవి. వరి లేదు. ప్రత్తి లేదు. కంది లేదు, వేరుశనగ లేదు. క్యాప్సికము కలదు గాని, దాని దాయాదియగు మన మిరప లేదు. ఈ ప్రదర్శన జరిగినది గుంటూరు సీమలో.

అచ్చట నిలిచియున్న ఒక బాలుని, మీ నాన్నగారు ఏమి పండింతురు నాయనా, అని యడిగితిని. మిరప అని చెప్పెను. మఱి నీ యంత్రము మిరపాకును చూచి యేమనును, అంటిని. వాడు మెంటరు వైపు చూచెను. మెంటరు గడియారము వైపు చూచెను.

ఈ బొమ్మల మీద 99 పాళ్ల పైచిలుకు ఫలము సాధించినట్లు 2016లో వచ్చిన పత్రములోనే, దాని కర్తలు మఱియొక సంగతియు దాచక వ్రాసిరి: అదే యంత్రమునకు వేఱుచోట్ల నుండి తెచ్చిన ఆకుల బొమ్మలు చూపగా 31 పాళ్లకు పడిపోయినదని. పరిశోధన యన్నది అసలు ఆ రెండవ వాక్యము దగ్గఱ మొదలు కావలెను. మనవారు మొదటి వాక్యమును ఎత్తి వ్రాసికొని రెండవదానిని విడిచిపెట్టిరి.

ఇంతవఱకు నవ్వితిని, ఇక నవ్వు రాదు. 2021–22లో నల్ల తామరపురుగు వచ్చి గుంటూరునుండి ఖమ్మము దాక మిరపతోటలను ఊడ్చిపెట్టినది. అది పూలలో చేరి పూతను రాల్చు పురుగు. దానికి ఆకుబొమ్మ చాలదు, ఉదయముననే తోటకు పోయి పూవు దులిపి చూడవలెను. మిరపమీద ఏండ్ల తరబడి పనిచేయుచున్న లాం పరిశోధనస్థానము గుంటూరు ప్రక్కనే యున్నది. ఈ పిల్లలలో నలుగురిని బస్సెక్కించి అక్కడ దింపు తీరిక ఏ మెంటరుకును లేకపోయెను. తోటలు పోగొట్టుకొని అప్పులపాలైన రైతులు బిడ్డను ఇంజనీరును చేయుటకు కట్టిన సొమ్ములోనుండి, బ్లూబెర్రీ ఆకుమీది పత్రమునకు ముద్రణ రుసుము గుంజుట పరిశోధన కాదు, దోపిడి. ఆ బిడ్డకు తన యింటి పంటను గూర్చి ఒక్క ప్రశ్నయైనను వేసికొనుట నేర్పకుండ, ప్రశ్నకు బదులు సర్టిఫికెట్టును చేతబెట్టుట అంతకంటె పెద్ద దోపిడి.

పేటెంట్ల గోల వేఱొకటి. దరఖాస్తు పడవేసినచో 18 నెలలకు అది దానంతటదియే ప్రకటితమగును. పరీక్షింపుడని వేఱుగ అడుగవలెను, గడువులోగా అడుగనిచో ఉపసంహరించుకొన్నట్లే లెక్క. మనవారు ప్రకటన కాగానే ఫ్లెక్సీ కట్టుదురు, పరీక్ష ఊసెత్తరు. అమీర్‌పేటలో ప్రాజెక్టును రిపోర్టుతో సహా కట్టియిచ్చు దుకాణములవారే వీరికంటె నిజాయితీపరులు. వారు అమ్మకమును అమ్మకమనియే చెప్పుదురు.

ఇదంతయు ఎందులకు? జాతీయ ర్యాంకుల కొలమానమున పరిశోధనకు నూటికి 30 పాళ్లు కేటాయించిరి గనుక. మెంటరును మాత్రము నేనెక్కువగా నిందింపలేను. పగలెల్ల పాఠములు చెప్పి, వేసవిలో ఇంటింటికి తిరిగి అడ్మిషన్లు పట్టుకొనిరావలసిన ఆ బక్కప్రాణికి, జీతమే నెలల తరబడి నిలిచిపోవు కళాశాలలు మనయెఱుకలో ఎన్ని లేవు? ఈసారి ఫ్లెక్సీ కట్టించునప్పుడు, పత్రముల సంఖ్య ప్రక్కనే, ఆ పత్రములకు దారిచూపిన అధ్యాపకులకు ఈ యేడు ఎన్ని నెలల జీతమిచ్చినారో ఆ అంకెను కూడ, అదే సైజు అక్షరములలో, వేయింపుడు.