కాలూకు టీకా తాత్పర్యములు

అవతారిక

మెదకుసీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి కాళిదాసుని కావ్యములకు వ్యాఖ్యానము రచింపబూని, మూలమున లేనిదేదియు వ్రాయననియు, అవసరము లేనిదేదియు చెప్పననియు ప్రతిజ్ఞ చేసియుండెను. ఆ మహానుభావుని అడుగుజాడల నడువగోరు నేను మొదటి ప్రతిజ్ఞను నిలుపుకొనగలను గాని, రెండవదానిని నిలుపుకొను త్రోవ కానరాదు. ఏలయన, ఒక నల్లకుక్క తెల్లవారుజామున ఏ సందులోనికి తిరుగవలెనని పట్టుబట్టునో దానికొక వ్యాఖ్యానమే అనవసరమని మా గృహిణి ముందే తీర్పు చెప్పియున్నది.

ఈ పద్యమునకు దేశము ఫరీదాబాదు. జహంగీరు పాదుషా కోశాధికారియైన షేఖ్ ఫరీదు 1607లో నెలకొల్పినాడని ప్రతీతి గల పాత ఊరొకటి. దేశవిభజనానంతరము వాయవ్య సరిహద్దు రాష్ట్రమునుండి ఇల్లు వాకిలి విడిచి వచ్చినవారు 1949 మొదలుకొని తమ చేతులతో తామే కట్టుకొన్నట్టిదియు, నేటికిని ఎన్.ఐ.టి. యని పిలువబడునట్టిదియు నగు కొత్త ఊరొకటి. నడుమ దిల్లీనుండి మథురకు పోవు రాచబాట. ఎన్.హెచ్.పి.సి. మొదలగు సంస్థల కొలువులకై వచ్చి ఇచ్చట నిలిచిపోయిన తెలుగు కుటుంబములలో మాదియు నొకటి.

పద్యనాయకుని పూర్వచరిత్ర స్వల్పము. ఆ రాచబాటమీద ఏదో వాహనము తగిలి, మెడనుండి ఎడమ ముందుకాలికి దిగు నరములు తెగుటచే, ఆ కాలు స్పర్శ యెఱుగక నేలమీద ఈడ్వబడి పుండుపడుచుండగా, దానిని ఉంచుటకంటె భుజముకడ తీసివేయుటయే మేలని పశువైద్యులు నిశ్చయించిరి. నగరపుటంచుననున్న యొక సంరక్షణాలయమున గాయము మానిన పిమ్మట దానిని మా ఇంటికి తెచ్చుకొంటిమి, తెచ్చుకొంటిమని మేమనుకొనుచున్నాము, దాని అభిప్రాయము వేరుగా నుండవచ్చును.

మూలము

ఆ. కాలు కొఱఁతయైనఁ గాలూ యటంచును
బిలువఁబడెడు కుక్క వీథిఁ గదలి
తాను దలఁచు త్రోవఁ దప్ప వే ఱెఱుఁగదు
మూఁడు కాళ్ల పట్టు మోయఁ దరమె!

ప్రతిపదార్థము

కాలు = పాదము (ఇచ్చట ఎడమ ముందుకాలు); కొఱఁత + ఐనన్ = లోపించినప్పటికిని; కాలూ + అటంచును = కాలూ యని; పిలువఁబడెడు = పేరు పెట్టి పిలువబడునట్టియు, పిలిచినను రానట్టియు; కుక్క = శునకము; వీథిన్ = వీథియందు; కదలి = బయలుదేరి (బయలుదేరదీయబడి యనుట సరికాదు); తాను = తానే, మఱియొకరు కాదు; తలఁచు = మనసున నిశ్చయించుకొను; త్రోవన్ + తప్ప = మార్గమును విడిచి; వేఱు + ఎఱుఁగదు = మఱియొకదానిని ఎఱుగదు, ఎఱిగినను ఎఱుగనట్లుండును; మూఁడు కాళ్ల పట్టు = మూడు కాళ్లు గల జంతువు యొక్క మొండితనము; మోయన్ = భరించుటకు, ఎత్తుకొనుటకు; తరమె = శక్యమా? (కాదని భావము).

టీక

"కాలూ" యనగా హిందీలో నల్లనివాడు. కాలనీ గేటుకడ కాపలాదారులు వర్ణమును చూచి సద్భావముతో పెట్టిన పేరది. ఆంధ్రభాష యెఱుగని వారికి అందులోని వక్రోక్తి యెట్లు తెలియును? మా బంధువులు ఫోను చేసి, కాలు లేనిదానికి కాలని పేరా, నవ్విపోదురుగదా యని మందలించిరి. పేరు మార్చి చూచితిమి. కొత్త పేరునకు అది చెవియైనను కదల్పదయ్యెను. ఎవరెన్ని విధముల పిలిచినను పలుకవలసినది తానుగనుక, ఆ వివాదమునందు తుదితీర్పు దానిదే యయ్యెను.

"వీథిఁ గదలి" యనుచోట గమనరీతి చెప్పదగినది. నాలుగు కాళ్లున్న కుక్క నిలుచుండినపుడు, తలయు మెడయు ఱొమ్మును ముందువైపుననే యుండుటచే, దేహభారములో నూటికి సుమారు 60 పాళ్లు ముందుకాళ్లమీదనే పడును. వెనుకకాలు పోయినదానికంటె ముందుకాలు పోయినదానికి నడక కష్టమగుట ఇందుచేతనే. కాలూ తన ఒంటి ముందుకాలిని ఱొమ్మునడిమికి చేర్చుకొని, అడుగు లేచునపుడెల్ల తల ఎత్తుచు, దిగునపుడెల్ల వంచుచు, చూచువారికి ప్రతి యింటివారికిని నమస్కరించుచు పోవుచున్నదను భ్రాంతి కలిగించును. ఇట్టిదానికి మెట్లెక్కుట సులభము, దిగుట కష్టము. మెల్లగా నడచుట కష్టము, పరుగెత్తుట సులభము. కావున "పాపము, మెల్లగా నడిపింపుడు" అని దారినపోవు పెద్దలు చేయు హితోపదేశము విపరీతఫలప్రదము.

ఇక "తాను దలఁచు త్రోవ". మా వీథి చివర త్రోవ రెండుగా చీలును. కుడివైపున పార్కు, వేపచెట్ల నీడ, మెత్తని పచ్చిక: మూడు కాళ్లకు ఇంతకంటె అనుకూలమైన నేల లేదు. ఎడమవైపున మురుగుకాలువ, పగిలిన రాళ్లబాట, బాట చివర కచోరీలు వేయు కొట్టు. కాలూ తలచు త్రోవ ఎడమది. నేను కుడికి లాగుదును, అది కూర్చుండును. మొదట వెనుకకాళ్లు రెండును మడచి, పిమ్మట ముందుకాలిని నేరుగా చాచి నేలకు ఊతగా మోపి, మెడపట్టెడ ఎగబ్రాకి చెవులు రెండును తలమీద కలిసిపోయినను లెక్కింపక, పెండ్లివారికై ఎదురుచూచు పెద్దమనిషివలె కొట్టువైపు చూచుచు కూర్చుండును. "ఏమండీ, వాడు కదలడు. ఎత్తుకోండి, లేకపోతే వాడి వెంట వెళ్లండి, నడివీథిలో నిలబడి నచ్చచెప్పకండి" అని గృహిణి వెనుకనుండి శాస్త్రనిర్ణయము చేయును. ఇరువది కిలోలు మించిన నాయకుని ఎత్తుకొని కుడివైపునకు నడతును. ఎత్తుకొన్నంతసేపు ప్రతిఘటింపదు. నా భుజముమీదుగా వెనుకటి త్రోవను నిశ్చింతగా చూచుచుండి, పచ్చికమీద దింపినంతనే ఆ త్రోవనే తిరిగిపోవును. "మోయఁ దరమె" యను ప్రశ్నలోని రెండర్థములును ఇచ్చట ఒక్కసారిగా నడుమునకు తెలియవచ్చును.

పాఠాంతరము

కాపలాదారుల నోట రెండవపాదమున "పిలువఁబడెడు కుక్క" యనుటకు మారుగా "బేచారా" యని వినవచ్చుచున్నది. గేటు దాటుచున్నపుడెల్ల "బేచారా, బేచారా" యని నిట్టూర్చి వారొక బిస్కత్తు అందింతురు. కాలూ బిస్కత్తును గ్రహించి పాఠమును నిరాకరించుచున్నది. ఛందస్సునకును ఆ మాట అతుకదు గనుక దీనిని విడిచితిమి.

పూర్వపక్షము, సిద్ధాంతము

కచోరీయందలి ఆశచే అది ఎడమకు పోవుచున్నదని కొందరి వాదము. తేలికగా నుండని దేహము మిగిలిన కీళ్లకు చేటు గనుక కచోరీ దానికి నిషిద్ధము. కొట్టువాడును మా మాట మన్నించి ఏమియు పెట్టడు. లభించునది వాసన మాత్రమే. కొట్టు మూసియున్న దినమున ఆ వాసనయు లేదు. అయినను పోవును. మూసిన తలుపును మూచూచి, సంతృప్తితో వెనుదిరుగును. కావున ఆ వాదము నిలువదు.

కాలు పోయినది గనుక మొండితనము వచ్చినదనియు, జాలిచే మనము చెడగొట్టితిమనియు మఱికొందరి వాదము. దీనికి సమాధానము పద్యములోని వాక్యనిర్మాణమే చెప్పుచున్నది. "కొఱఁతయైనన్" అనునది మొదటి పాదమున సగములోనే ముగిసిన అసమాపకక్రియ. కవి దానిని ఒక్కసారి చెప్పి మరల తలపెట్టలేదు. వాక్యమునకు సమాపకక్రియ "ఎఱుఁగదు" అనునది. దానికి కర్త కుక్క, కర్మ త్రోవ. లోపము వాక్యమున కలదు గాని వాక్యము లోపమును గూర్చినది కాదు. "బేచారా" యనువారు అసమాపకక్రియకడనే ఆగిపోయి, వాక్యము ముగిసినదనుకొందురు. "తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు" అను సామెత కాళ్లను తప్పుగా లెక్కించు మొండివానిని గూర్చినది; ఇచ్చట లెక్క సరిగానే యున్నది, పట్టుదలయు సరిగానే యున్నది. రెంటికిని కార్యకారణసంబంధము కల్పించుటయే దోషము.

విశేషములు

ధర్మము కృతయుగమున నాలుగు పాదములను, త్రేతాయుగమున మూడింటను, ద్వాపరమున రెంటను, కలియుగమున ఒక్కదానను నడచునని పురాణప్రసిద్ధి. ఆ లెక్కను పట్టి చూచినచో మా వీథిలో ప్రతి యుదయమును కొంతసేపు త్రేతాయుగము నడచుచున్నదని చెప్పవలసియుండును.

మహాప్రస్థానకథలో కుక్కను విడిచి స్వర్గమునకు రానని ధర్మరాజు పట్టుబట్టుటను వ్యాఖ్యాతలందరును కొనియాడిరి. ఎవరును రమ్మనకయే పాండవుల వెంటబడి, ద్రౌపదియు తమ్ములును ఒక్కరొక్కరే నేలగూలుచున్నను వెనుదిరుగక, కొండలెక్కి అంతవరకు నడచినది కుక్క. పట్టు మొదట దానిది, ధర్మరాజుది తరువాతిది. పాండవులడిగిన అయిదూళ్లలో ఒకటని ఇచ్చటివారు చెప్పుకొను తిల్‌పత్ ఈ ఫరీదాబాదులోనే కలదు గనుక, ఈ మాట చెప్పుటకు ఇంతకంటె తగిన చోటు లేదు.

2025 ఆగస్టు 11న సర్వోన్నతన్యాయస్థానము దిల్లీతోపాటు ఫరీదాబాదు మొదలగు పరిసరనగరముల వీథికుక్కలను పట్టి ఆశ్రయములకు తరలింపుడని ఆదేశించెను. అదే నెల 22న ఆ యాదేశమును సవరించి, రేబిస్ సోకినవియు క్రూరస్వభావము గలవియు తప్ప తక్కినవానికి సంతాననిరోధక శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన తావుననే విడువుడనెను. ఆ రెండు ఉత్తరువుల నడుమ మా గేటుకడ జరిగిన వాదప్రతివాదములందు కాలూ మధ్యస్థముగా శయనించి, చికిత్సకు గుర్తుగా కత్తిరించిన చెవికొనను అప్పుడప్పుడు కదల్చుచుండెను. అది ఇంటికుక్క, పైగా దానికి టీకా పూర్వమే వేయబడినది, ఇప్పుడు వ్రాయబడుచున్నది. 1960 నాటి జంతుహింసానివారణచట్టము ననుసరించి 1962లో రుక్మిణీదేవి అరండేల్ నాయకత్వమున మదరాసున వెలసిన జంతుసంక్షేమమండలియు, మావలెనే దక్షిణమునుండి తరలివచ్చి, ఈ జిల్లాలోని బల్లభ్‌గఢ్‌లో కాపురమున్నది. ఎడమత్రోవయా, కుడిత్రోవయా యను విషయమున ఆ మండలి నియమములు మౌనము వహించుచున్నవి.

తాత్పర్యము

ఒక కాలు లోపించినప్పటికిని కాలూ యని పిలువబడు ఈ కుక్క వీథిలోనికి వచ్చి, తాను నిశ్చయించుకొన్న త్రోవను తప్ప మఱియొకదానిని అంగీకరింపదు. దాని పట్టును మోయుట ఎవరికిని శక్యము కాదు. లేనికాలిని చూచినవాడు దానిని ఎత్తుకొనును, నడుము నొచ్చును, పని కాదు. ఉన్న పట్టును చూచినవాడు దాని వెంట నడచును, వేళకు ఇల్లు చేరును.

ఫలశ్రుతి

ఈ టీకను ప్రాతఃకాలమున పఠించువారికి కుక్కలు మాట వినునని చెప్పుట అసత్యము. పఠించినవారు పట్టెడ వదులుచేసి ఎడమకు తిరుగుదురు. ఆ కొట్టులో అల్లపు చాయి బాగుండును.