రుజువు తెస్తే చూద్దాం

అండమాన్‌లోని ఆస్టినాబాద్ తెలుగువాళ్లకు దేవుడిచ్చిన కందకం ఒకటుంది. విశాఖ రేవుకీ, ఇప్పుడు శ్రీ విజయపురం అని పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్‌కీ మధ్య వెయ్యి కిలోమీటర్లు దాటిన ఉప్పునీరు. హైదరాబాద్ పక్కన మందుల కంపెనీలున్న పటాన్‌చెరు లాంటి పారిశ్రామికవాడ ఈ దీవుల్లో లేదు. కాబట్టి మందులకు లొంగని క్రిముల గొడవ మెయిన్‌లాండ్ వాళ్లదని నిశ్చింతగా ఉండొచ్చు. క్రిములకే ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. ఐసీయూల్లో డాక్టర్లను ఏడిపించే కాండిడా ఆరిస్ అనే ఫంగస్, ఆసుపత్రి బయట ప్రకృతిలో ప్రపంచంలోనే మొదటిసారి దొరికింది అండమాన్ తీరంలో. ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ ఛెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన అనురాధా చౌదరి బృందం 2021లో ఈ ఫలితాన్ని ప్రచురించింది. జనం తిరిగే ఇసుక బీచ్‌లో దొరికినవి పలు మందులకు మొండికేశాయి. జనసంచారం దాదాపు లేని ఉప్పు చిత్తడిలో మాత్రం మందుకు లొంగేది కూడా కనిపించింది. బీచ్‌లోకి అది మనిషి నుంచే చేరి ఉండొచ్చు, ఇంత చిన్న పరిశీలనతో తీర్పు చెప్పలేం. సముద్రం కంచె కాదని చెప్పడానికి మాత్రం ఇది చాలు. ఇక బ్యాక్టీరియా విషయానికొస్తే, 2000 నుంచి 2011 దాకా ఇక్కడి ఐసీఎంఆర్ కేంద్రం షిగెల్లా విరేచనాలను పరిశీలించింది. ఆ దశాబ్దంలో షిగెల్లా లెక్కచేయని మందుల జాబితా పెరుగుతూనే పోయింది.

అయినా ప్రమాదాన్ని అంచనా వేయమంటే ప్రభుత్వ కార్యాలయాల దగ్గర సిద్ధంగా ఉండే జవాబు ఒకటే: రుజువు తెస్తే చూద్దాం. అంచనాకు కావలసినవి మూడు. ఏ క్రిమి ఉంది, అది నీటి ద్వారానో తిండి ద్వారానో మనిషికి ఎంత చేరుతోంది, చేరాక ఎంత హాని చేస్తుంది. మొదటిది ప్రయోగశాలలు చెబుతున్నాయి. మూడోదానికి లాన్సెట్ పత్రిక లెక్క ఉంది: మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారు. రెండోదే దొరకదు, ఎందుకంటే దాన్ని వరసగా కొలిచే నాథుడు లేడు. కొలవలేదు కాబట్టి తెలియదు, తెలియదు కాబట్టి లేదు, లేదు కాబట్టి కొలవనక్కర్లేదు. ఇంత గుండ్రని తర్కం ముందు ఏ శాస్త్రవేత్త మాత్రం నిలబడగలడు?

కొలిచినప్పుడు ఏమవుతుందో కూడా మనకు తెలుసు. అప్పట్లో దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేస్తున్న పటాన్‌చెరు ప్లాంటు నుంచి బయటికొచ్చిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో లెక్క చెప్పారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్, రోజుకు సుమారు 45 కిలోలు. 500 మిల్లీగ్రాముల మాత్రల్లో చెప్పాలంటే రోజూ 90 వేల మాత్రలు, ప్రిస్క్రిప్షన్ లేకుండా వాగుకి. బ్యాక్టీరియా మొండికేయకుండా ఉండాలంటే నీటిలో ఈ మందు ఎంతకు మించకూడదో తర్వాత శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. అప్పుడు వాగులో కలిసింది దానికి దాదాపు ఐదు లక్షల రెట్లు. ఇంత రుజువు చేతికొచ్చాక ఏం చేశాం? 2020 జనవరిలో కేంద్రం వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్స్‌కు పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది నియమాలు వచ్చాయి, పరిమితులు మాత్రం దారిలో జారిపోయాయి. అంటే రుజువు తేకపోతే చూడం, తెస్తే చూసి పక్కన పెడతాం.

ఎదురు వాదనలు లేకపోలేదు. మందుల్ని తట్టుకునే జన్యువులు మనం పుట్టించినవి కావు, కెనడాలోని 30 వేల ఏళ్ల నాటి గడ్డకట్టిన నేలలోనూ దొరికాయంటారు. నిజమే. నిప్పు కూడా మనం పుట్టించింది కాదు, అలాగని గడ్డివాములో నిప్పు పెట్టినవాణ్ణి ఎవరూ వదిలిపెట్టరు. అసలు దోషం మందుల షాపులో అడిగిందే తడవుగా దొరికే మాత్రది, పర్యావరణానిది కాదన్నది ఇంకో వాదన. ఇందులోనూ చాలా నిజముంది. కానీ మింగిన మాత్రలో కొంత భాగం, అది పెంచిన క్రిములతో సహా, చేరేది మురుగులోకే. రెండూ ఒకే కాలువలో కలుస్తుంటే విడివిడిగా విచారణ ఎందుకు? మూడోది ధర వాదన: కాలువ శుభ్రం చేస్తే మాత్ర ఖరీదు పెరుగుతుంది, పేదవాడికి భారం. పేదవాడి మీద ఇంత ప్రేమ, ఆ మాత్ర పనిచేయక అంతకంటే ఖరీదైన ఇంజెక్షన్ కొనాల్సి వచ్చినప్పుడు ఎక్కడికి పోతుందో తెలియదు. ఫలానా మనిషి ఫలానా కాలువ వల్లే పోయాడని చూపించమంటే ఎవరూ చూపించలేరు, సిగరెట్ విషయంలోనూ చూపించలేరు. పెట్టె మీద హెచ్చరిక ముద్రించడానికి మాత్రం ఆ ఇబ్బంది అడ్డు రాలేదు.

ఈ కొలత ఎక్కడైనా మొదలుపెట్టాలంటే అండమానే అనువు. పోర్ట్ బ్లెయిర్‌కు ప్రధానంగా నీరిచ్చేది ధనికరి డ్యామ్, పెద్ద ప్రభుత్వాసుపత్రి జి.బి. పంత్. కోళ్ల ఫారాలు ఎన్ని ఉన్నాయో, మురుగు ఎక్కడ సముద్రంలో కలుస్తోందో వెతికి పట్టుకోవడం హైదరాబాద్‌లో ఉన్నంత కష్టం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ‘ట్రైసైకిల్’ అనే పద్ధతిని ఇచ్చింది. మనుషుల్లో, ఆహారం కోసం పెంచే జంతువుల్లో, నీటిలో ఒకే ఒక్క మొండి రకం ఈ. కొలైని లెక్కించడం. ఆస్టినాబాద్ కాలువలో ఒక సీసా ముంచి ప్రయోగశాలకు పంపడానికి రాకెట్ సైన్స్ అక్కర్లేదు, ఒక ఆర్డరూ కొంచెం మంచుగడ్డా చాలు. లెక్క వచ్చాక ప్రమాదం చిన్నదని తేలిందా, అంతకన్నా సంతోషం ఏముంది? ఇన్నాళ్ల ధీమాకి మొదటిసారి ఒక ఆధారం దొరుకుతుంది.