ఎలుకబోను చెప్పుకున్న కథ

కొయ్యపెట్టె. ముందు ఒక చిన్న కటకం, వెనక ఒక కాగితం ముక్క. దీని ఒంట్లో ఉన్న సరంజామా అంతే. ఇంగ్లండులోని విల్ట్‌షైర్‌లో, లేకాక్ అబ్బే అనే పాతకాలపు భవంతిలో ఇది కొలువు చేసింది. ఆ ఇంటి అమ్మగారు కాన్‌స్టెన్స్ ఇలాంటి పెట్టెలను ఎలుకబోనులనేవారు. 1835 సెప్టెంబరులో భర్తకు ఉత్తరం రాస్తూ, వేల్స్‌కు వెళ్లేటప్పుడు ఎలుకబోనులేమైనా వెంట తీసుకెళ్తారా అని అడిగారు కూడా. పెద్దల సంగతులు చెబుతూ మధ్యలో ‘నేను, నేను’ అంటే ఏం బాగుంటుందని, ఈ ఎలుకబోను తన కథను ఇంకెవరి కథో అయినట్టు చెప్పుకొస్తోంది.

దొరగారు విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్. లెక్కలొచ్చు, మొక్కల శాస్త్రం తెలుసు, పాత భాషలు తెలుసు. బొమ్మ గీయడం మాత్రం చేతకాదు. 1833 అక్టోబరులో ఇటలీలోని కోమో సరస్సు ఒడ్డున, బొమ్మ గీయడానికి సాయపడే కెమెరా లూసిడా అనే పరికరం పెట్టుకుని తంటాలు పడ్డారు. కాగితం మీద తేలిన గీతలు చూసి విసుగొచ్చింది. వెలుతురు వేసే బొమ్మ వెలుతురుతోనే కాగితానికి అంటుకుపోతే ఎంత బాగుండు అనిపించింది. ఈ పెట్టె పుట్టుకకు మూలం ఆ విసుగే.

మొదట పెద్ద పెట్టెతోనే ప్రయత్నించారు. మంచి ఎండలో గంటో రెండు గంటలో ఉంచితే ఇంటి కప్పూ పొగగొట్టాలూ ఆకాశానికి ఆనుకుని గీతల్లా కనబడ్డాయి. నీడపట్టున ఉన్నవేవీ పడలేదు. బొమ్మ పెద్దదయ్యేకొద్దీ వెలుతురు పలచబడుతుంది మరి! అప్పుడు పొట్టి ఫోకస్ కటకాలు బిగించిన చిన్న పెట్టెలు వచ్చాయి. బొమ్మ బుల్లిదే, కానీ వెలుగంతా ఒక్కచోట కుదురుకుంది. ఎండాకాలంలో వీటిని ఇంటి చుట్టూ అక్కడక్కడా పెట్టి, అరగంట తర్వాత పోగుచేసుకొస్తే ఒక్కోదాంట్లో ఒక్కో బుల్లి బొమ్మ ఉండేది.

కాగితం తయారీకీ పెద్ద హంగులేమీ అక్కర్లేదు. మంచి రాతకాగితాన్ని ఉప్పునీళ్లలో ముంచి ఆరబెట్టడం, పైన సిల్వర్ నైట్రేట్ పూయడం. దాంతో ఏర్పడిన సిల్వర్ క్లోరైడ్ వెలుతురు తగిలినంత మేరా నల్లబడుతుంది. ఆ నలుపు అక్కడితో ఆగడానికి మళ్లీ ఉప్పే, ఈసారి బాగా చిక్కగా కలిపింది. వంటింటి ఉప్పుకు ఇంత పని ఉందని ఆ ఇంటి వంటవాళ్లకు తెలిసి ఉంటే జాడీకి తాళం వేసేవాళ్లేమో.

ఇక 1835 ఆగస్టు సంగతి. దక్షిణపు గ్యాలరీలో బయటికి పొడుచుకొచ్చిన కిటికీ ఒకటుంది, నిండా చిన్న చిన్న గాజు పలకలు. గదిలోని కుర్చీలూ గోడలూ ఆ మొద్దు కాగితానికి ఆనవు. అందుకని దొరగారు పెట్టెను తిన్నగా కిటికీకే ఎదురు పెట్టారు. వెలుతురుకు ఎదురుగా కెమెరా పెట్టొద్దని ఫొటోలు నేర్పేవాళ్లు ఇవాళ చెబుతుంటారు. ఈ పెట్టెకు మాత్రం గదిలో దొరికిందల్లా ఆ వెలుతురే. కాగితం బయటికి తీస్తే పలకలు నల్లగా, వాటి మధ్య పట్టీలు తెల్లగా ఉన్నాయి. గది జాడే లేదు. బొమ్మ వెడల్పు అంగుళంన్నర కూడా లేదు. అయినా, తీసిన కొత్తలో భూతద్దం పెట్టి చూస్తే సుమారు 200 పలకలు లెక్కపెట్టగలిగేవారని దొరగారు దాని పక్కనే రాసుకున్నారు. ఇప్పటికి మిగిలిన కెమెరా నెగెటివుల్లో అన్నిటికంటే పాతది అదే. బ్రాడ్‌ఫర్డ్‌లోని మ్యూజియంలో భద్రంగా ఉంది.

పారిస్‌లో వెలుతురు బొమ్మలకు మరో పద్ధతి కనిపెట్టిన డాగేర్ పేరు మోగేదాకా, అంటే 1839 జనవరి దాకా, దొరగారు లోకానికి ఈ సంగతి చెప్పలేదు. ఈ ఎలుకబోనుకు ఆ కోపం ఇంకా పోలేదు.

1840 సెప్టెంబరులో గాలిక్ ఆమ్లంతో కంటికి కనబడని బొమ్మను పైకి తేవడం కనిపెట్టాక పని నిమిషాల్లోకి వచ్చింది, చిన్న పెట్టెల కొలువు పోయింది. కొత్త పద్ధతికీ ఇంటి లోపలి వెలుతురు కష్టమే. 1844లో మొదలైన దొరగారి ‘ది పెన్సిల్ ఆఫ్ నేచర్’ పుస్తకంలో రెండు అరల నిండా పుస్తకాలున్న చిత్రం ఉంది. దాని పేరు ‘ఎ సీన్ ఇన్ ఎ లైబ్రరీ’. నిజానికి ఆ అరలనూ పుస్తకాలనూ ఎండ కోసం ఆరుబయటికి మోసుకొచ్చి, అక్కడ సర్ది తీశారు. ఎలుకబోనుకు లోపల్లోపల నవ్వు: కిటికీ బొమ్మ తీసినప్పుడు ఎవరూ దేన్నీ బయటికి మోయలేదుగా!